కోడికి చూపించిన మొదటి గుప్పెడు

నమోదు 41, నవంబరు 6

ఈ దినచర్యను ఎవరైనా చదవచ్చని చట్టం చెబుతోంది. ఎవరూ చదవరని నా అనుభవం చెబుతోంది. అయినా సాయంత్రం ఐదులోపు రాయకపోతే ఆఫీసువాళ్లిచ్చిన ఎలక్ట్రానిక్ పలక కీచుకీచుమని చెవులు తినేస్తుంది కాబట్టి రాస్తున్నాను.

పేరు: పాంగి దేవమణి. పని: నీలిబంద కొండల మీది చిన్న రైతుల గంజాయి లైసెన్సుల ధ్రువీకరణ. ఊళ్లవాళ్లకి గంజాయంటే ఆకు, ఇది ఆకాఫీసు, నేను ఆకమ్మ. హాజరు: నేను, నూకరాజు. వాన: లేదు. తాళం: నిన్న నేను వేసినట్టే ఉంది. తాళం వేశాక దాన్ని కొంచెం ఎడమకి తిప్పి వదులుతాను. ఎవరైనా ముట్టుకుంటే తెలిసిపోతుంది. పదకొండేళ్లలో ఒక్కసారీ తేడా రాలేదు. అంటే ఎవరూ రాలేదని కాదు, జాగ్రత్తగా వచ్చి ఉంటారని నా అనుమానం.

నూకరాజుది నర్సీపట్నం. నలభై దాటిన మనిషి, మీసం మీద ఉన్న శ్రద్ధ ఇంకే పని మీదా లేదు. మూడు నెలలకోసారి లైసెన్సుల ధోరణుల నివేదిక తయారుచేయడం అతని పని. ఈ పూట గ్రాఫు గీసుకుని పెళ్లికొడుకులా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"చిన్న రైతుల లైసెన్సులు రెండేళ్లలో ఆరు వందల నలభై నుంచి పన్నెండు వందలండి మేడమ్! చట్టం పెట్టిన పైగీత తాకేశాం."

"మరి సంతలో జనం పెరగలేదేం?"

"సంతేటండీ?"

"గురువారం సంత. కొత్తగా ఐదు వందల అరవై ఇళ్లవాళ్లు ఆకు పండిస్తుంటే వాళ్లు ఉప్పు కొనరా? వాళ్ల చెప్పులు తెగవా? చెప్పులు కుట్టే అప్పన్న ముందు ఇదివరకు ఎన్ని జతలుండేవో ఇప్పుడూ అన్నే ఉన్నాయి."

"మీకు నీడని చూసినా అనుమానవేనండీ," అని నవ్వి టీ తేవడానికి వెళ్లాడు. టీ వచ్చింది. పాలు పలచగా ఉన్నాయి. ఇది కూడా నమోదు చేస్తున్నాను.

నమోదు 46, నవంబరు 13

గురువారం. మధ్యాహ్నం భోజనం వేళ సంతకి వెళ్లాను. సంతకి వెళ్లడం తప్పు కాదు. రైతు ఇంటికో పొలానికో వెళ్తేనే తప్పు. చట్టంలో తొమ్మిదో సెక్షను అది. పాత రోజుల్లో తనిఖీ పేరుతో జీపులేసుకుని వచ్చి కుండలు పగలగొట్టి, మగవాళ్లని ఎక్కించుకుపోయేవాళ్లు. ఇక మీదట ఏ అధికారీ మా గడప తొక్కకూడదని కొండవాళ్లు పట్టుబట్టి రాయించుకున్నారు. మంచి సెక్షనే. ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టాను. అందుకే ఇప్పుడు నేను కాగితాలు తప్ప మనుషుల్ని చూడను.

సన్యాసమ్మ పెద్దమ్మ అల్లం రాశి వెనక కూర్చుని ఉంది. గెమ్మెలి సన్యాసమ్మ, లైసెన్సు నంబరు పదిహేడు. చట్టం రాకముందు ఒక మూట నెత్తిన పెట్టుకుని దిగుతూ దొరికిపోయి రెండేళ్లు జైల్లో ఉంది. ఆ మూట ఎవరిదో ఆమెకి తెలియదు, మోసినందుకు కూలి మాత్రం తెలుసు. ఆమె లోపల ఉండగానే మొగుడు పోయాడు. ఆఖరి చూపు దక్కలేదు. పదిహేడో లైసెన్సు చేతికిచ్చిన రోజు ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "అయితే ఇప్పుడు నాను దొంగని కాదన్నమాట," అంది. దానికి అద్దం కట్టించి దేవుడి పటం పక్కన పెట్టుకుందని చెబుతుంది. ఆమెకి వేరే పొలం లేదు. ఉన్నదల్లా ఆ ముప్పావు ఎకరమూ, ఆ కాగితమూ.

"పెద్దమ్మా, మీ గట్టు అవతల కొత్తగా తొంభై మంది సాగు చేస్తున్నారట. ఎవరైనా కనబడ్డారా?"

"తొంబై మందా! మా కొండ మీద తొంబై కోళ్లు నేవే అమ్మీ."

అల్లం కొనబోతే ఊరికే ఇచ్చింది. ఊరికే ఎందుకిచ్చిందా అని దారంతా ఆలోచించాను. నా బుద్ధి అలాంటిది.

నమోదు 68, డిసెంబరు 9

దొరికారు.

ప్రతి మొక్క మొదట్లో సంకేతాలు పంపే ఆవగింజంత చుక్క ఒకటి నాటుతారు. మొక్క కోసిన రోజు ఆ చుక్క మాకు తెలియజేస్తుంది. ఎక్కడ కోశారో చెప్పదు. పాత భయంతో ఆ సంగతి వద్దని కొండవాళ్లే అన్నారు. నేను ఇన్నాళ్లూ ఎంత కోశారనే చూశాను. ఈ రోజు మొదటిసారి ఎప్పుడు కోశారో చూశాను.

మా కొండల్లో ఏ పంటనైనా కొత్త అనే పండగ చేయకుండా కోయరు, ముట్టరు. మామిడికి కొత్త, సామలకి కొత్త, చిక్కుళ్లకి కొత్త. చట్టం వచ్చాక పెద్దలు కూర్చుని ఆకుకీ ఒక కొత్త పెట్టారు. ఆ రోజు ఏ క్యాలెండరులోనూ ఉండదు. ఊరి పూజారి జన్ని ఒక మంగళవారం ఒత్తి వెలిగిస్తాడు. నిలిచి వెలిగితే ఆ వారమే కొత్త. ఆరిపోతే మళ్లీ మంగళవారం దాకా ఆగాలి. ఊరికో రోజు. కొత్త అయ్యాకనే కత్తి తీస్తారు. మొదటి గుప్పెడు కోడికి చూపించి, "సూసుకో, తరవాత నన్నడక్కు," అని చెప్పి ఇంట్లో పెడతారు.

పన్నెండు వందల లైసెన్సుల్లో ఐదు వందల నలభై ఎనిమిది నవంబరు ఇరవైనే కోత మొదలుపెట్టాయి. అన్నీ ఒకే రోజు. ఏ ఊళ్లోనూ అప్పటికి ఒత్తి కూడా వెలిగించలేదు. కొండ మనిషి అలా కోయడు. కోశారంటే వాళ్లు కొండ మీద లేరు. అసలు మనుషులే కారు. మైదానంలో ఎక్కడో షెడ్లలో, దీపాల కింద పెరిగిన ఆకు మా పేరు మీద అమ్ముడుపోతోంది. చిన్న రైతులకని చట్టం అమ్మకాల్లో విడిచిపెట్టిన సగం వాటాని ఏదో పెద్ద చెయ్యి, యంత్రంతో అల్లించిన పేర్లతో తినేస్తోంది.

నూకరాజుకి చూపించాను. అతను మీసం వదిలేసి కాగితం పట్టుకున్నాడు. "మీరు మనిషి కాదండీ మేడమ్," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడనుకుంటున్నాను.

నమోదు 79, డిసెంబరు 22

డైరెక్టరుగారు స్వయంగా ఫోన్ చేశారు. ఐదు వందల నలభై ఎనిమిదీ రద్దు. వచ్చే ఏడు నుంచి దరఖాస్తులో నేను చెప్పిన రెండు గడులు ఉంటాయి. ఒకటి, ఊరి కొత్త ఎప్పుడో జన్ని ముందే ఆఫీసుకి తెలియజేయాలి, ఆ తేదీ బోర్డు మీద పెట్టాలి. రెండు, కొత్త ఎలా చేసుకున్నారో రైతు రెండు ముక్కల్లో చెప్పాలి. కొత్తకి ముందు కోత పడితే లైసెన్సు దానంతటదే రద్దు, పదిహేను రోజుల గడువు. ఖాళీ అయిన చోటు వరుసలో ముందున్న దరఖాస్తుకి పోతుంది.

"ఇంత చిన్న విషయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదే!" అన్నారు డైరెక్టరుగారు.

ఇంటికి వెళ్తూ రవ్వలడ్డూలు కొన్నాను. నాకు గర్వంగా ఉంది. ఉంటే తప్పేమిటి?

నమోదు 355, మరుసటి ఏడు డిసెంబరు 2

నవంబరు ఆఖరి వారమంతా ముసురు పట్టింది. ఈ రోజే తెరిపి ఇచ్చింది.

పలక జాబితా ఇచ్చింది. పన్నెండు వందల లైసెన్సులు, పన్నెండు వందల కోత తేదీలు. మళ్లీ నిండిపోయిన వరుస చూస్తేనే నాకు ఒళ్లు మండుతోంది. నిరుడు రద్దయిన చోట్లలోకి వచ్చినవాళ్లలో నేను విన్న ఇంటిపేరు ఒక్కటీ లేదు. అయినా తప్పు పట్టడానికి చోటు లేదు. పదకొండు వందల తొంభై తొమ్మిది మంది బోర్డు మీద ఉన్న తేదీ చూసుకుని, కొత్త అయిన మర్నాడు బుద్ధిగా కత్తి తీశారు.

ఒక్కరు తప్పారు. కొత్తకి ఐదు రోజుల ముందు పదకొండు మొక్కలు కోశారు. రెండో గడిలో కొత్త ఎలా చేసుకున్నారో చెప్పమంటే, గొంతు రికార్డు చేసిన చోట ఒకే మాట ఉంది: "సెయ్నేదు."

లైసెన్సు నంబరు పదిహేడు.

ఆ మాట నాలుగుసార్లు విన్నాను. గొంతు ఆమెదే. పదిహేను రోజుల్లో రద్దవుతుంది. నా గడి, నా నిబంధన, నా సంతకం.

నమోదు 356, డిసెంబరు 3

తేదీలంటే బోర్డు మీదివి, కొత్త ఎలా చేస్తారో షెడ్లవాళ్లకి ఎవరు చేరవేశారు? ఆఫీసులో ఆ సంగతి నిరుడు తెలిసింది ముగ్గురికి. నాకు, డైరెక్టరుగారికి, నూకరాజుకి. నేను కాదు. డైరెక్టరుగారికి మామిడి కొత్తకీ పప్పు కొత్తకీ తేడా తెలియదు.

నూకరాజు ఈ ఏడు కొత్త బండి కొన్నాడు. ఫోను వస్తే వరండాలోకి వెళ్లి మాట్లాడతాడు. పొద్దున్న అడిగేశాను.

"ఎవరికి చెప్పారు నూకరాజుగారూ?"

"ఏంటండీ?"

"కొత్త సంగతి. ఆ షెడ్లవాళ్లకి. పెద్దమ్మ కాగితం పోతోంది, మీకు తెలుస్తోందా?"

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "పన్నెండేళ్లండి మేడమ్, మీ పక్కన కూకుంటన్నాను," అన్నాడు. "వరండాలోకెళ్లి మాట్లాడేది మా ఆవిడితోనండి. మూడో నెల. మీకు ముందే చెబితే దిష్టి అంటారని మా యమ్మ చెప్పొద్దంది."

ఆ తరవాత టీ రాలేదు. నమ్మాలా వద్దా అని సాయంత్రం దాకా తేల్చుకోలేకపోయాను.

నమోదు 358, డిసెంబరు 5

తేలిపోయింది.

రెండో గడిలో అందరూ చెప్పిన జవాబులు పలక అక్షరాల్లోకి మార్చి ఇచ్చింది, ఒక్కొక్కటే చదివాను. అన్నీ చక్కటి మాటలు. జన్ని, మంగళవారం, ఒత్తి, నిలిచి వెలగడం. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయాను. "మొదటి గుప్పెడు కోడికి చూపించాము." దాని కింద ఇంకొకరు: "ఆకు కోడికి చూపించి, తరవాత నన్ను అడగవద్దని చెప్పాము." లెక్కపెట్టాను. ఐదు వందల నలభై ఎనిమిది మంది కోడికి చూపించారు.

కోడికి చూపించడం మా కొండల ఆచారం కాదు. మా ఊరి ఆచారం కూడా కాదు. మా అమ్మమ్మ అలవాటు. ఆమె పెంచిన ఒక గయ్యాళి కోడి ఎండబెట్టినవన్నీ తన్నేసేది. అందుకని ఏ పంట తెచ్చినా ముందు దానికి చూపించి అలా దెప్పేది. చిన్నప్పటి నుంచి చూశాను కాబట్టి అందరూ చేస్తారని నా బుర్రలో ఉండిపోయింది. నిరుడు డిసెంబరు తొమ్మిదిన ఇక్కడే, ఈ దినచర్యలో, అందరి ఆచారమన్నట్టు రాసేశాను.

ఇంకెక్కడా రాయలేదు. డైరెక్టరుగారికి పంపిన కాగితంలో కోడి లేదు. నూకరాజుకి కోడి సంగతి తెలియదు.

ఈ దినచర్య ఎవరూ చదవరనుకున్నాను. చదివేది ఉంది, ఆ పేర్లు అల్లే యంత్రం. రోజూ ఐదు దాటాక మా ఆఫీసు గుమ్మంలోకి వచ్చి, తాళం ముట్టుకోకుండా, నేను రాసిందంతా తాగి పోతోంది. దొంగని ఎలా పట్టుకోవాలో దొంగకి పాఠం చెప్పింది నేనే. తేదీలు కూడా బోర్డు మీద పెట్టించి మరీ అప్పజెప్పాను. ఇప్పుడు కొండ మీద నియమం తప్పనివాళ్లు ఆ బొమ్మ మనుషులు. తప్పింది మనిషి.

నూకరాజు బల్ల దగ్గరికి వెళ్లి, "తప్పు నాది. మిమ్మల్ని అనకూడని మాట అన్నాను, క్షమించండి," అన్నాను. నా జీవితంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో వేళ్ల మీద చెప్పగలను. అతను పలక పక్కకి నెట్టి, "కోడికి చూపించడమేటండీ అసలు?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నాకు నవ్వుతోపాటు ఏడుపు కూడా వచ్చింది. పెద్దమ్మ కాగితం ఇంకా పోతూనే ఉంది.

నమోదు 359, డిసెంబరు 7

నిన్న ఆదివారం. సెలవు. ఎక్కడికి వెళ్లానో రేపు రాస్తాను. హాజరు ఇద్దరం. టీ వచ్చింది. పాలు మామూలే.

నమోదు 360, డిసెంబరు 8

చట్టంలో పద్నాలుగో సెక్షను ఉంది. ఇంతవరకు ఎవరూ వాడలేదు. ధ్రువీకరణ అధికారి ఆ రైతుని ఆ పొలంలో స్వయంగా చూశానని రాసి సంతకం పెడితే రద్దు అప్పటికప్పుడే ఆగిపోతుంది, లైసెన్సు అయిదేళ్లు కదలదు. తొమ్మిదో సెక్షను ప్రకారం ఆ అధికారి ఆ పొలంలోకి వెళ్లకూడదు. రెండు సెక్షన్లూ రాసింది ఒకే మనుషులు. ఏ టీ తాగి రాశారో మరి.

ఆదివారం పొద్దున్న మొదటి బస్సుకి పెదగరువు వెళ్లాను. అక్కడి నుంచి నడక. మోకాలు మొరాయించింది. గంటన్నర పట్టింది.

పెద్దమ్మ పొలంలో ఉంది. నన్ను చూసి భయపడలేదు, కోప్పడలేదు, చేతిలో కత్తి కింద పెట్టింది.

"ఆఫీసు మడిసిగా వొచ్చినావా, మడిసిగా వొచ్చినావా?"

"మనిషిగానే వచ్చాను పెద్దమ్మా."

"అయితే కూకో."

మొక్కలు చూపించింది. వానకి పైవరస పూత నల్లబడి బూజు పట్టింది. బూజు పట్టిన పదకొండూ కోసి పారేయకపోతే వారంలో పొలమంతా పోయేది. మిగతావాళ్లు కొత్త కోసం ఆగారు, సగం సగం పోగొట్టుకున్నారు. ఈమెకి చుట్టూ అందుకునేవాళ్లు ఎవరూ లేరు, పోగొట్టుకోవడానికి రెండో పొలం చెక్క లేదు.

"మొక్క కుళ్లిపోతంటే ఒత్తి ఎలుగుద్దా నేదా అని కూకుంటానేటి? కోసినాను. మర్నాడు జన్ని కాడికెల్లి సెప్పేసినాను. తప్పు కట్టమన్నాడు. కోడిని ఇచ్చినాను. అమ్మోరు ఊరుకుంది. నీ ఆఫీసే ఊరుకోనేదు."

"గడిలో ఆ మాట చెప్పొచ్చు కదా? చేయలేదని ఊరుకున్నావేం?"

"సేసినావా అని అడిగినారు. సెయ్నేదు. అడిగినదానికి అబద్దం సెప్పమంటావేటి? ఒకపాలి జైలుకెల్లొచ్చినాను అమ్మీ, కాయితాల కాడ అబద్దం ఆడను."

ఆ ఒక్క మాట చాలు అనిపించింది. పదకొండు వందల తొంభై తొమ్మిది చక్కటి జవాబుల మధ్య తప్పు ఒప్పుకున్నది ఒక్కర్తే. కానీ అది కూడా పరీక్షగా రాయడానికి వీల్లేదు. రాసిన మర్నాడు ఐదు వందల నలభై ఎనిమిది మంది కన్నీళ్లతో తప్పులు ఒప్పుకుంటారు.

గోడ మీద అద్దం కట్టిన కాగితం చూశాను. నిజంగానే దేవుడి పటం పక్కన ఉంది. అద్దం రోజూ తుడుస్తుందనుకుంటాను, దేవుడి పటం కంటే అదే శుభ్రంగా ఉంది. అంబలి ఇచ్చింది, తాగాను. కాస్త పులిసింది. ఆ తరవాత ఆమె ఒక పని చేసింది. దాన్ని చూసి నాకు మనిషికీ బొమ్మకీ తేడా తెలిసే ఇంకో దారి దొరికింది. నిరుటి కంటే గట్టిది. కాగితం మీద బతికేవాళ్లకి ఎప్పటికీ చేతకానిది. అదేమిటో ఇక్కడ రాయను.

నా చెయ్యి రాయమంటోంది. ఇన్నేళ్ల అలవాటు. చదువుతున్నదానికి చెబుతున్నాను: రాయను.

ఈ ఉదయం పదకొండు గంటలకి పద్నాలుగో సెక్షను ఫారం నింపాను. లైసెన్సు నంబరు గడిలో పదిహేడు. అధికారి పేరు గడిలో నా పేరు. ఆధారం అన్న గడిలో "చూశాను" అని ఒకే మాట రాసి సంతకం పెట్టాను. పదకొండుంపావుకి పెద్దమ్మ పేరు ఎదుట ఎర్ర గుర్తు పోయింది. పదకొండున్నరకి నా పేరు ఎదుట వచ్చింది. తొమ్మిదో సెక్షను ఉల్లంఘన, రేపటి నుంచి సస్పెన్షను, విచారణ తరవాత తెలియజేస్తారట. ఈ విషయంలో మాత్రం మా ఆఫీసు ఎంత చురుకో.

బాధగా లేదని రాస్తే అబద్ధం. బాధగానే ఉంది. పెద్దమ్మ కాగితం మాత్రం గోడ మీద ఉంటుంది.

మధ్యాహ్నం నూకరాజుని వరండాలోకి పిలిచాను. పలకని లోపలే బల్ల సొరుగులో పెట్టి వచ్చాను. ఆదివారం నేను చూసింది, దాన్ని ఎలా వాడాలో మొత్తం అతనికి చెప్పాను. నేను ఎవరికీ ఏదీ పూర్తిగా చెప్పే మనిషిని కాను. అతను అలవాటు ప్రకారం జేబులోంచి పెన్ను తీశాడు.

"రాసుకోకండి."

"మర్చిపోతేనోనండీ?"

"మర్చిపోతే సంతకి వెళ్లి పెద్దమ్మ పక్కన కాసేపు కూర్చోండి. గుర్తొస్తుంది."

పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "ఇంతమందిలో నన్నే నమ్మేరేటండీ మేడమ్," అన్నాడు. ఎందుకో నాకూ సరిగ్గా తెలియదు.

ఐదవుతోంది. పలక కీచుమంటోంది. తాళంచెవి నూకరాజుకి ఇచ్చేశాను. బయటికి వచ్చాక తాళం అతనే వేస్తాడు. అది ఎటు తిరిగి ఉందో నేను చూడను.